పేరు పెట్టేదాకా ఏడుపు

కుర్చీలు కాస్త దగ్గరికి జరుపుకోండి. తలుపు వెయ్యక్కర్లేదు, ఇది అర్ధరాత్రి కథ కాదు. పట్టపగలు, అదీ ఆదివారం, ఆరాధన ముగిసి జనం ఇళ్ళకెళ్ళి భోజనాలకు కూర్చునే వేళ జరిగింది. దేవుడి పాట ఇంకా నోట్లో నానుతుండగానే జరిగింది. అందుకే నాకిప్పటికీ మింగుడు పడదు.

మా కిసుము ఊళ్ళో సరస్సుకి దిగే రోడ్డు మీద, చేపలు వేయించే పాకలు దాటాక ఒక మేడ ఉంది. కింద బట్టలు కుట్టేవాళ్ళు. పైన అవినో పనిచేసే ల్యాబ్. అవినో మా సంఘంలో పిల్లే. పాటల బృందంలో రెండో వరసలో నిలబడేది. గొంతు తేనె. చేతిలో పట్టుకున్న పని వదిలేది కాదు. అలాంటి పిల్ల.

ఆ ల్యాబ్ వాళ్ళు చేసేది ఒకటే వస్తువు. నెలలు నిండకుండా పుట్టిన పసికందు ఛాతీకి కట్టే పట్టీ. బిడ్డ ఊపిరి తీస్తున్నంతసేపూ దాని మీద చిన్న ఆకుపచ్చ దీపం మినుకుమినుకుమంటుంది. ఊపిరి ఆగిందా, పట్టీ అచ్చం పసిబిడ్డలాగే కేరుమని ఏడుస్తుంది. నర్సు పరిగెత్తుకొస్తుంది. పాదం మీద చిటిక వేస్తే చాలు, బిడ్డ మళ్ళీ ఊపిరందుకుంటుంది. ఎంత చిన్న చిటికో, అంత పెద్ద ప్రాణం.

పట్టీ లోపల ప్రోగ్రామ్ ఒకటుంటుంది. ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని మార్చినప్పుడల్లా పరీక్షించాలి. మనిషి కూర్చుని చేస్తే ఓపిక చచ్చిపోతుంది కనక ఆ పని యంత్రమే చేస్తుంది. కొత్త ప్రోగ్రామ్‌ని పట్టీలోకి ఎక్కిస్తుంది. పట్టీ ఒక రబ్బరు పసిబిడ్డ ఛాతీకి కట్టి ఉంటుంది. బొమ్మ పొట్టలో మోటారు. దాని ఊపిరి లయ రాసింది అవినోయే: మూడు చిన్న ఊపిర్లు, ఒక పెద్దది, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనప్పుడు పట్టీ ఏడవాలి. మైకు ఆ ఏడుపు వింటే గోడ మీద దీపం ఆకుపచ్చ. వినకపోతే ఎరుపు.

బయటి ఫోన్ల సిగ్నళ్ళు చొరబడి పరీక్ష పాడుచెయ్యకుండా ఆ బొమ్మను లోపలి గదిలో ఉంచారు. నాలుగు గోడలకీ కప్పుకీ రాగిరేకు. కిటికీ లేదు. తలుపు వేస్తే మధ్యాహ్నమైనా చీకటే. అరిచినా బయటికి వినపడదు.

ఇక తప్పు సంగతి. పట్టీ బ్యాటరీ మిగుల్చుకోడానికి చాలాసేపు నిద్రలో ఉండి లేచినప్పుడు, ఎప్పుడో ఒకసారి, ఏడవడం మరిచిపోయేది. ఎందుకో అవినోకి దొరకలేదు. వెతికింది. కళ్ళు కాయలు కాచేలా వెతికింది. ఇంకోపక్క ఆసుపత్రులు కొత్త పట్టీల కోసం కాచుక్కూర్చున్నాయి. అప్పుడామె చేసింది ఆ వృత్తిలో ఉన్నవాళ్ళంతా ఏదో ఒకనాడు చేసేదే. ఆ టెస్టు మీద ‘నిలకడలేనిది’ అని ముద్ర వేసింది. తప్పితే మళ్ళీ ఆడించు, మళ్ళీ తప్పితే మళ్ళీ ఆడించు, ఒక్కసారి నెగ్గినా నెగ్గినట్టే లెక్క అని యంత్రానికి చెప్పింది.

దీపం ఆకుపచ్చగా వెలిగింది.

రబ్బరు బొమ్మకైతే మళ్ళీ మళ్ళీ చచ్చే వీలుంది. ఆ మాట ఆమెకి అప్పుడు తట్టలేదు.

వానాకాలంలో అవతలి గట్టున మిషన్ ఆసుపత్రిలో ఒక ఆడపిల్ల పోయింది. పట్టీ కట్టే ఉంది. ఏడవలేదు. పై అధికారి నఫూలా మేడమ్ అందర్నీ కూర్చోబెట్టి అడిగింది. “అవినో, మన టెస్టులేమంటున్నాయి?”

“అన్నీ గ్రీనే మేడమ్,” అంది అవినో.

అబద్ధమా? తెరమీద ఉన్నది అదే. కానీ ఆ ఆకుపచ్చ ఎలా వచ్చిందో ఆమె చెప్పలేదు. బిడ్డ మరీ చిన్నది, దేవుడు తీసుకెళ్ళాడు అని అందరూ అనుకున్నారు. దేవుడి మీదికి ఎన్ని నెట్టేస్తామో చూడండి.

పట్టీని వెనక్కి తేవడానికి అవినోయే వెళ్ళింది. వార్డు బయట బల్ల మీద ఆ తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో మడతపెట్టిన దుప్పటి. అవినో ఏదో ఒకటి అడగాలి కనక పాప పేరేమిటని అడిగింది.

“పేరు పెట్టలేదమ్మా,” అంది ఆ తల్లి. “పెట్టేదాకా ఉండలేదు.” ఆమె చూపు అవినో పొట్ట మీద ఆగింది. అప్పుడప్పుడే కనపడుతున్న పొట్ట. “నువ్వు మాత్రం తొందరగా పెట్టు తల్లీ. పేరు లేకపోతే వాళ్ళకి ఎక్కడికి పోవాలో తెలీదు.”

కోపంతో అన్నది కాదు. కోపంతో అన్నా బాగుండేది.

ఆదివారానికి వద్దాం. మర్నాడు పొద్దున్నే కొత్త ప్రోగ్రామ్ సరస్సు చుట్టూ ఉన్న ఆసుపత్రులన్నిటికీ వెళ్ళాలి. ఎన్ని ఛాతీలకి పట్టీలున్నాయో అన్నిటిలోకీ. అవినో కొత్తగా చేసిందేమీ లేదు. పాత ముద్ర పాతచోటే ఉంది. ఆరాధన ముగిసి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. ఒగోలా. పరికరాల పని చూసేవాడు, ల్యాబ్‌లో ఆమెకి అన్నలాంటివాడు, నోరు మూతపడని మనిషి.

“ఇంజనీరమ్మా, ప్రార్థనయిందా? అయితే ఒకసారి వచ్చిపో. నీ కూతురు పొద్దుట్నించీ ఏడుస్తోంది.”

“నాకింకా కూతురెక్కడిది అన్నా?”

“రబ్బరుది. పాలిచ్చినా ఊరుకోవట్లేదు.”

ఆమె వెళ్ళేసరికి సరస్సు మీద మబ్బు పట్టింది. కింద దుకాణం మూసి ఉంది. మెట్ల మీద ఎండుచేపల వాసన, తడిమట్టి వాసన. పైన ఒగోలా చపాతీలో బీన్స్ చుట్టుకుని తింటున్నాడు. లోపలి గది తలుపు బార్లా తీసి ఉంది. అందులోంచి ఏడుపు. పట్టీ ఏడుపే. సన్నగా, గుక్కతిప్పుకోకుండా.

“అలారం ఇరుక్కుపోయి ఉంటుంది,” అంది అవినో. “ఆపెయ్యలేకపోయావా?”

“ఆపాను. స్విచ్చి నొక్కాను. తంతి పీకాను. ఆఖరికి ఇది చేశాను.” ఒగోలా చొక్కా జేబులోంచి బిళ్ళంత బ్యాటరీ తీసి బల్లమీద పెట్టాడు. “దానిదే.”

“ఇంకో పట్టీది అయ్యుంటుంది.”

“పెళ్ళాం ముఖమైనా మర్చిపోతాను గానీ నేను పీకిన బ్యాటరీ మర్చిపోను.”

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. టెస్టు ఆడుతోంది. ఎవరూ మొదలుపెట్టలేదు. ఆమె ముద్ర వేసిన ఆ ఒక్క టెస్టే. తప్పింది, మళ్ళీ. తప్పింది, మళ్ళీ. తెర నిండా అదే కిందికి జారిపోతోంది. పక్కన ఫలితం మాత్రం ఆకుపచ్చ. ఆమె ఆపమని నొక్కింది. ఆగింది. మళ్ళీ మొదలైంది. బొమ్మ చచ్చిపోతోంది, మళ్ళీ చచ్చిపోతోంది, యంత్రం అంతా బాగుందంటోంది.

“ఏం టెస్టది?” ఒగోలా వెనకనుంచి వంగి చూశాడు. “అన్నిసార్లు తప్పుతుంటే గ్రీన్ ఎలా వస్తోంది?”

అవినో లేచి లోపలి గదిలోకి నడిచింది.

గదిలో రాగి వాసన ఉండాలి. ఎప్పుడూ అదే. ఆ రోజు పులిసిన పాల వాసన. కొత్త దుప్పటి వాసన. బొమ్మ తొట్టిలో వెల్లకిలా పడుకుని ఉంది. ఛాతీకి పట్టీ. పట్టీ అంచున ఊదారంగు మరక. ఆసుపత్రుల్లో బొడ్డుకి పూసే మందు మరక.

“అన్నా... ఈ పట్టీ ఎక్కడిది?” అంది, తన వెనకే లోపలికొచ్చిన ఒగోలాతో.

“అవతలి గట్టునించి నువ్వు తెచ్చిందే. అలమారాలో ఊరికే పడుంది. పనిచేస్తోంది కదాని కట్టాను. మనకేమన్నా పట్టీలు చెట్లకి కాస్తున్నాయా?”

ఆమె విప్పబోయింది. వేళ్ళకి వెచ్చగా తగిలింది. పట్టీ కాదు. కింద రబ్బరు.

అప్పుడే కరెంటు పోయింది.

బయట వాన దబ్బున పడింది. గాలికి తలుపు తనంత తానే మూసుకుంది. బరువైన తలుపది, చిన్నగాలికి కదలదు. వాన చప్పుడు కోసేసినట్టు ఆగింది. చీకటి. మోటారు లేదు, పంకా లేదు, యంత్రాల గుర్రు లేదు. ఏడుపొక్కటే ఉంది. దాని కింద, చెవి పెట్టి వింటే...

మూడు చిన్నవి. ఒకటి పెద్దది. ఆ తర్వాత ఏమీ లేదు.

మళ్ళీ మూడు చిన్నవి.

ఒగోలా ఫోన్ దీపం కోసం తడుముకున్నాడు. వెలగలేదు. తలుపు పిడి తిప్పాడు. అదీ తిరగలేదు. భయమేసినప్పుడు నవ్వడం అతని అలవాటు.

“మా అమ్మమ్మ ఉంటేనా, పేర్లు పిలవండిరా అనేది,” అన్నాడు గుసగుసగా.

మాలో అదొక ఆనవాయితీ. పసిబిడ్డ ఆగకుండా ఏడుస్తోందంటే పోయినవాళ్ళలో ఎవరో తమ పేరు పెట్టమంటున్నారని అర్థం. ఒక్కొక్కరి పేరే పిలుస్తాం. ఏ పేరుకి ఏడుపు ఆగితే ఆ పేరే బిడ్డది. పాస్టరుగారు పెదవి విరుస్తారు గానీ, ఆయన కూతురి పేరూ అలాగే వచ్చింది.

“పిలుస్తున్నా కాస్కో,” అన్నాడు ఒగోలా చీకట్లోకి. “ఆవోకో? ...కాదా? న్యాసూబా? ఆవిడ మా మేనత్త, చుట్ట తాగేది. ఆవిడా కాదా? మంచిది, బతికిపోయాం.”

ఏడుపు పెరిగింది. అతని నవ్వు సగంలో తెగిపోయింది.

అవినో చెయ్యి పొట్ట మీదికి పోయింది. పొద్దున పాడుతున్నంతసేపూ లోపల బిడ్డ తంతూనే ఉంది. ల్యాబ్ గుమ్మం దాటినప్పుడూ కదిలింది. ఇప్పుడు లేదు. ఈ గదిలో అడుగుపెట్టినప్పట్నించీ లేదు. పొట్ట రాయిలా ఉంది. నొక్కి చూసింది. పక్కకి తిరిగి చూసింది. లేదు.

తొట్టిలో పెద్ద ఊపిరి. ఆ తర్వాత ఏమీ లేదు. తన లోపలా ఏమీ లేదు. రెండు నిశ్శబ్దాలూ ఒకటే.

“అన్నా... నా బిడ్డ కదలట్లేదు.”

ఒగోలా తనెప్పుడూ వాడని గొంతుతో అడిగాడు. “అవినో. ఆ పిల్ల ఎందుకు చచ్చిపోయింది?”

“టెస్టు తప్పేది,” అంది ఆమె. “నాకు తెలుసు. మళ్ళీ మళ్ళీ ఆడించమని రాసింది నేనే. గ్రీన్ అని చెప్పింది నేనే.”

“అయితే దానికేం కావాలో నీకే తెలియాలి. ఇవ్వు.”

ఆమె తన ఇంటి పేర్లు పిలిచింది. తల్లి వైపువి, తండ్రి వైపువి. అక్కల పేర్లు, పోయిన పిన్నమ్మల పేర్లు. ఒక్కటి మిగుల్చుకుంది. వాళ్ళ నాయనమ్మ పేరు. ఊళ్ళో ఎంతమందికో పురుడు పోసిన మనిషి, ఊపిరందని బిడ్డల నోట్లో నోరు పెట్టి ఊది బతికించిన మనిషి. ఆ పేరు తన కడుపులోదాని కోసం, కడుపులో ఏదీ లేనప్పట్నించీ దాచుకుంది. మొగుడితో కూడా అనలేదు. దిష్టి తగులుతుందని.

ప్రభువా, ఇది వద్దు అంది లోలోపల. ఇదొక్కటీ వద్దు.

పొట్ట చల్లబడుతున్నట్టనిపించింది.

“అబూయా,” అంది.

ఏడుపు ఆగింది.

చీకట్లో చిన్న ఎక్కిళ్ళు... ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్ల పడే ఎక్కిళ్ళు. ఆ తర్వాత అవీ ఆగాయి. అవినో పొట్టలో లోపల్నించి ఎవరో గట్టిగా తన్నారు. తలుపు తనంత తానే వదులైంది. వాన వినపడింది.

బయటికి వచ్చాక ఆమె జనరేటర్ వేయించి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ ముద్ర చెరిపేసింది. బొమ్మకి వేరే పట్టీ కట్టించి టెస్టు ఆడించింది. గోడమీద దీపం ఎర్రబడింది. అలా ఎర్రగా వెలుగుతుండగానే నఫూలా మేడమ్‌కి ఫోన్ చేసింది.

“రేపు పంపకండి మేడమ్. పట్టీలన్నీ వెనక్కి తెప్పించండి. ఆ రోజు నేను మీకు గ్రీన్ అని చెప్పాను. గ్రీన్ కాదు.”

“ఎప్పట్నించీ తెలుసు?” అంది మేడమ్.

“ముందునించీ.”

పట్టీలు వెనక్కి వచ్చాయి. తప్పు దొరికింది, దిద్దారు. అవినో ఉద్యోగం పోయింది. ఆమె ఆ తల్లి దగ్గరికి కూడా వెళ్ళింది. ఏమన్నదో ఎవరికీ చెప్పలేదు. ఆ తల్లి ఆమెని కొట్టలేదు, తిట్టలేదు. ఒకటే అడిగిందట, “ఏం పేరు పెట్టావు?” అని. పేరు పెట్టిన సంగతి ఆమెకి ఎవరు చెప్పారో అవినోకి తెలీదు.

కథ ఇక్కడితో ఆపితే మీరు హాయిగా ఇళ్ళకి పోతారు. నాకూ అదే ఇష్టం.

అవినోకి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండి, బొద్దుగా. మొగుడు ఒడేరా గాల్లో నడిచాడు. అత్తగారు ఊరినించి కోడిని చంకనపెట్టుకుని దిగింది. మూడోనాడు పిల్ల ఏడుపు అందుకుంది. ఆపదు.

“ఎవరో అడుగుతున్నారే,” అంది అత్తగారు సంబరంగా. వంశంలో పోయిన ఆడవాళ్ళ పేర్లన్నీ వరసగా పిలిచింది. పిల్ల ఊరుకోలేదు. “మీవైపు ఇంకెవరున్నారు కోడలా? మీ నాయనమ్మ?”

“ఆ పేరు వద్దత్తయ్యా.”

“అదేం మాట? అంత మంచి చెయ్యి గల మనిషి పేరు.”

“ఆ పేరు ఇచ్చేశాను.”

“పేర్లేమన్నా గిన్నెలా, ఇచ్చేస్తే అయిపోవడానికి? పురిటి బుర్ర, దానికేం తెలుసు,” అని కొడుకుతో నవ్వి, ముసలమ్మ పిల్ల చెవి దగ్గర వంగింది. అవినో మంచం మీదనించి చెయ్యి చాపింది. అందలేదు.

“అబూయా?”

పిల్ల టక్కున ఊరుకుంది. అందరూ దేవుడికి స్తోత్రం చెప్పారు. కోడిని కోశారు.

ఆ సాయంత్రం పిల్ల పక్కలో పడుకుని ఉంటే అవినో దాని ఛాతీ మీద చెయ్యి వేసింది. మూడు చిన్న ఊపిర్లు. ఒకటి పెద్దది.

ఆ తర్వాత ఏమీ లేదు.

పిల్ల నిద్రపోవడం లేదు. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తల్లినే చూస్తోంది. భయం లేదు, బాధ లేదు. కాచుకుని ఉంది... ఏం చేస్తుందో చూద్దామన్నట్టు.

“అబూయా,” అంది అవినో.

పిల్ల ఊపిరి తీసింది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టర్లు తిప్పి తిప్పి చూసి, పసిపిల్లలు అప్పుడప్పుడు అలా చేస్తారు, పెద్దయితే పోతుంది అన్నారు. తప్పు దిద్దిన కొత్త పట్టీ ఒకటి ఒగోలా తెచ్చి కట్టాడు. తన చేతుల్తో పరీక్షించి తెచ్చాడు. ఒక్కసారి కూడా తప్పని పట్టీ.

పిల్లకిప్పుడు నడకొచ్చింది. మొన్న ఆదివారం మందిరంలో వాళ్ళు నా ముందు వరసలోనే కూర్చున్నారు. అవినో ఇప్పుడు పాటల బృందంలో లేదు. అందరం లేచి పాడుతున్నాం. ఆమె పెదవులూ కదులుతున్నాయి. తేనె గొంతు కదా, విందామని కాస్త ముందుకి వంగాను.

ఆమె పాడటం లేదు. ఒకటే మాట అంటోంది. అంటోంది, ఆగుతోంది, మళ్ళీ అంటోంది.

పాట ఆఖరి చరణంలో ఆమెకి పొలమారింది. దగ్గు తెర కమ్మింది. మాట పెగల్లేదు. పిల్ల తల్లి భుజం మీదనించి నన్ను చూస్తోంది, కంటిరెప్ప వెయ్యకుండా. ఛాతీ కదలడం లేదు. పెదవులు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి. మాట నా నోట్లోకి వచ్చింది. పిలిచాను, పిల్ల ఊపిరి తీసింది.

అయితే మీకు చెప్పాలనుకున్నది అది కాదు. ఆ ఊపిరి లేనంతసేపూ, పిల్ల గౌను కింద, ఛాతీ మీద పట్టీ ఏడవలేదు. దాని ఆకుపచ్చ దీపం గౌను గుడ్డలోంచి మినుకుమినుకుమంటూనే ఉంది. మూడుసార్లు చిన్నగా. ఒకసారి పెద్దగా.